తలకిందులైన ఏడు

ఆరేళ్లుగా నేను ఒక అంకెను మోస్తున్నాను. ఒకే ఒక అంకె. దాని బరువెంత అని మీరు అడిగితే చెప్పలేను. ఇలా చెప్పలేకపోవడం నాకు అలవాటు లేదు. నా ఉద్యోగమే కొలవడం. ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో, ఇతరులు చేసిన భాగాలు కాగితం మీది కొలతకు సరిపోయాయో లేదో చూసి, సరిపోని వాటికి ఎర్ర రంగు పూసి పక్కన పెట్టే పని. ముప్పై ఏళ్లుగా ఎందరి తప్పులకో ఎర్ర రంగు పూశాను. నా తప్పును మాత్రం జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

పేరు చెప్పను. చెప్పకుండా ఒప్పుకోవడం సగం ఒప్పుకోవడమే అని మీరు అనవచ్చు. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ వారం వారం స్టీలు సైకిళ్లేసుకుని గుంపుగా తిరిగే మీకు నేనెవరో ఇట్టే తెలిసిపోతుంది. మీరే ఈ మాట వినాలి. ఎందుకంటే ఖాదర్ భాయ్ కళ్లు పోయాయని మీలో మీరు చెప్పుకునే మాట నా వల్ల పుట్టింది.

ఖాదర్ భాయ్ సైకిల్ దుకాణం పురానాపూల్ దగ్గర. ఇరవై ఏళ్ల కింద నా సైకిల్ ఎడమకు లాగుతోందని తీసుకుపోయాను. ఆయన సైకిల్‌ను స్టాండ్ కూడా వేయనివ్వలేదు. రెండడుగుల దూరం నుంచి ఒక కన్ను మూసి చూశాడు. "ఫోర్కు ఎడమ కాలు వెనుకకు పోయింది. దీడ్ మిల్లీ" అన్నాడు. దీడ్ అంటే ఒకటిన్నర. నేను నవ్వుకున్నాను. మర్నాడు ముందు చక్రాన్ని పట్టుకునే ఆ ఫోర్కు విప్పి ఫ్యాక్టరీకి తీసుకుపోయి, చదునైన బల్ల మీద పెట్టి కొలిచాను. ఒకటిన్నర. ఆ కన్నుకు నేను ఆ రోజే లొంగిపోయాను. నేను పనిముట్టుతో చూసేది ఆయన ఊరికే చూస్తాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున అక్కడే. నేను పదో తరగతి దాటలేదు. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను, కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లో. ఆయనకు చేయి ఉంది, నాకు లెక్క ఉంది. ఇద్దరం కలిసి ఫ్రేములు కట్టడం మొదలుపెట్టాం. పైపు కోసి, అంచులు అరగదీసి, మంట మీద ఇత్తడి కరిగించి అతికేది ఆయన. ఏ పైపు ఎంత పొడవు, ఏ కోణంలో ఉండాలో చెప్పేది నేను.

ఫ్రేము లెక్క గురించి ఒక మాట చెప్పనివ్వండి. అది తెలియకపోతే నా తప్పు మీకు చిన్నగా కనిపిస్తుంది. హ్యాండిల్ తిరిగే గొట్టం వాలును ఒక గీతలా నేల దాకా పొడిగించండి. ఆ గీత నేలను తాకే చోటు, ముందు టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందుంటుంది. ఆ మధ్య దూరంలోనే సైకిల్ గుణమంతా ఉంది. ఖాదర్ భాయ్ దాన్ని మిజాజ్ అనేవాడు. అది ఎక్కువైతే సైకిల్ నిబ్బరంగా తన దారిన పోతుంది, మలపబోతే మొరాయిస్తుంది. తక్కువైతే మనసులో అనుకోగానే తిరుగుతుంది, కానీ చెయ్యి కొంచెం వదులైతే బెదురుతుంది. మేము డెబ్బై రెండు డిగ్రీల వాలు, ఫోర్కుకు యాభై మిల్లీమీటర్ల వంపు ఇచ్చి, ఆ దూరాన్ని యాభై ఎనిమిదికి తెచ్చాం. వెనుక చక్రాన్ని రేసు సైకిళ్ల కంటే రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపాం. గుంత మీద పడ్డ దెబ్బ నేరుగా నడుముకు తగలకుండా, లావు టైరు పట్టేలా. నిజం చెప్పాలంటే సుఖంలో పెద్ద వాటా టైరుదే. స్టీలు గొప్ప అని అందరూ అంటారు, నేను వద్దనను. కానీ లెక్క వేసి చూస్తే స్టీలు ఇచ్చేది కొద్దిగానే. ఈ మాటంటే ఖాదర్ భాయ్‌కి కోపం వచ్చేది.

పెడళ్ల ఇరుసు ఉండే అడ్డగొట్టాన్ని సైకిల్ వాళ్లు బీబీ అంటారు. రెండు చక్రాల ఇరుసుల మధ్య గీత గీస్తే, బీబీ ఆ గీతకు కొంత దిగువన ఉంటుంది. ఎంత దిగువన అన్నది ముఖ్యం. "బీబీ మరీ ఎత్తుల కూసుంటే మనం భయపడాలె. మరీ కిందికి దించితే అది మనల్ని పడేస్తది. ఇంట్ల గూడ అంతే సాబ్" అని ఆయన ప్రతి కొత్త గిరాకీకి చెప్పేవాడు. ఉర్దూలో బీబీ అంటే భార్య. నవ్వనివాడిని నేను చూడలేదు.

ఇక అంకె దగ్గరికి వస్తాను. ఆలస్యం చేస్తున్నానని నాకూ తెలుసు.

ఆయన చదువు ఉర్దూలో. ఇంగ్లీషు అంకెలు రావని కాదు, టేపు మీదవి చదువుతాడు. కానీ ఉర్దూ అంకెలు చూస్తే ఆయన ముఖం వేరు. అందుకని నేర్చుకున్నాను. ప్రేమతోనే నేర్చుకున్నాను, అందులో కొంత గొప్ప కూడా ఉంది. నేల మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. కాగితం తిప్పే పని లేకుండా, ఆయన వైపుకు సరిగ్గా కనిపించేలా నేను నా వైపు నుంచి తలకిందులుగా రాసేవాడిని. చూసినవాళ్లు అబ్బురపడేవారు. నాకు అది బాగుండేది. ఉర్దూలో ఏడు నోరు పైకి తెరిచిన కోణం. ఎనిమిది అదే కోణం, బోర్లించినట్టు. అంటే ఏడును తలకిందులు చేస్తే ఎనిమిది. మిగతా అంకెల్లో తప్పు చేస్తే తప్పని తెలుస్తుంది. ఈ రెండింటిలో తెలియదు.

ప్రభాకర్ నా ఫ్యాక్టరీ వాడే, సైదాబాద్‌లో ఉంటాడు. నడుం నొప్పి మనిషి. అతనికి కట్టింది మా పదిహేడో ఫ్రేము. బీబీ డెబ్బై మిల్లీమీటర్లు దిగువన ఉండాలని లెక్క వేశాను. ఎప్పటిలాగే చిట్టీ మీద ఆయన వైపుకు రాశాను. అందులో వాలు కొలత డెబ్బై రెండులో ఏడు సరిగ్గానే తిప్పి రాశాను. డెబ్బైలో ఏడును తిప్పడం మరిచాను. నా వైపు నుంచి ఏడు. ఆయన వైపు నుంచి ఎనిమిది. ఎనభై అని చదివి, ఎనభైకే అతికాడు.

మొదటి నెల అందరూ మెచ్చుకున్నారు. బీబీ దిగువన ఉంటే సీటూ దిగుతుంది, మనిషి బరువు నేలకు దగ్గరవుతుంది. సైకిల్ నేలను కరుచుకుని పోతున్నట్టు ఉంటుంది. "భాయ్, కుర్చీల కూసున్నట్టున్నది" అన్నాడు ప్రభాకర్. నేను కూడా తొక్కి చూశాను. ఆగినప్పుడు కాలు నేలకు మామూలు కంటే తేలిగ్గా అందింది. ఎక్కడో ఏదో తట్టింది. కొలవలేదు. జేబులో టేపు లేకుండా ఇల్లు కదలని మనిషిని, ఎందుకు కొలవలేదు? మెప్పు తీయగా ఉంది. కొలిస్తే అది పోతుందేమో అనిపించిందా? 

రెండో నెలలో ఫలక్‌నుమా దిగుడులో మలుపు తిరుగుతూ ప్రభాకర్ తొక్కడం ఆపలేదు. అతని పాత సైకిల్ మీద ఆ మలుపు అట్లాగే తిరిగేవాడు. లోపలి పెడల్ రోడ్డుకు కొట్టుకుంది. వెనుక చక్రం లేచింది. భుజం ఎముక విరిగింది. పది మిల్లీమీటర్లంటే వాలడానికి సుమారు మూడు డిగ్రీలు తక్కువ. ఆ మూడు డిగ్రీల్లో పడ్డాడు.

సైకిల్‌ను ఆటోలో దుకాణానికి తెచ్చారు. నేను పోయేసరికి మధ్యాహ్నం, ఖాదర్ భాయ్ నమాజుకు పోయాడు. దుకాణంలో ఎవరూ లేరు. బీబీ కొలిచాను. ఎనభై. మళ్లీ కొలిచాను. తర్వాత గోడ వైపు చూశాను. ఒక్కో ఫ్రేము చిట్టీ అక్కడ మేకుకు గుచ్చి ఉంచడం ఆయన అలవాటు. నా చేతిరాత. ఎనభై.

చిట్టీ తీసి జేబులో పెట్టుకున్నాను. ఆలోచించానా అంటే ఆలోచించలేదు. ఆలోచించలేదనడం కూడా ఒక సాకే. చెయ్యి ఎటు పోవాలో దానికి తెలుసు.

ఆయన కొడుకుతో కలిసి తిరిగి వచ్చాడు. కొడుక్కు ముప్పై ఏళ్లు, పక్కనే సెల్‌ఫోన్ల దుకాణం. ఖాదర్ భాయ్ తనే టేపు పెట్టి చూశాడు. ఎనభై వచ్చింది.

"సాబ్, చిట్టీల ఎంత రాసినవ్?"

"డెబ్బై."

"నాకు ఎనభై, అస్సీ అని యాదున్నది."

గోడ వైపు చూశాడు. మేకు ఖాళీగా ఉంది. "చిట్టీ ఏదిరా?" అన్నాడు కొడుకుతో.

"నాకేం తెలుసు అబ్బా. మొన్న నా ఫోన్ల టైం గూడ తప్పు చదివితివి. ఐదింటి అసర్ నమాజుకు మూడింటికే ఉరికితివి" అన్నాడు కొడుకు, నవ్వుతూనే.

"గది వేరు, గడియారం నక్రాలు" అన్నాడు ఆయన. ఆయన మాత్రం నవ్వలేదు. "సాత్ ఆఠ్‌ల, ఏడుకు ఎనిమిదికి ఫరక్ కనిపిస్తలేదంటే, ఇగ నేను మంట ముంగట కూసుండద్దు సాబ్. ఇయ్యాల బొక్క ఇరిగింది. రేపు పానం పోతే?"

చిట్టీ నా జేబులోనే ఉంది. డెబ్బై అన్నది అబద్ధం కాదని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. నా లెక్కలో డెబ్బైయే కదా. కానీ ఆయన అడిగింది లెక్క కాదు. రాత.

చిట్టీని ఆ సాయంత్రమే ముక్కలు చేశాను.

ఎందుకు? ఈ ఆరేళ్లలో ఎక్కువసార్లు వేసుకున్న ప్రశ్న ఇదే. ఫ్యాక్టరీలో నేను ఇంజినీరును కాను. అక్కడ నన్ను సార్ అనేవారు లేరు. పురానాపూల్‌లోనే నేను లెక్కల సాబ్. లెక్క తప్పితే నా దగ్గర ఇంకేం మిగలదు, ఆయనకైతే చేయి ఉంది, పేరు ఉంది, కొడుకు ఉన్నాడు అనుకున్నాను. ఆయన దగ్గర ఎక్కువ ఉంది కాబట్టి కొంత పోయినా ఫరవాలేదని తీసివేత చేశాను. ఆయనకు ఆ కన్నే అన్నీ అని నాకు తెలియదా? ఆ కన్ను చూసే కదా నేను ఆయన దగ్గర కూర్చున్నది.

ఆయన కంటి డాక్టరు దగ్గరికి పోయాడు. నేనే వెంట పోయాను. చత్వారం తప్ప ఏమీ లేదు, ఆ వయసుకు బాగున్నాయి అన్నాడు డాక్టరు. బయటికి వచ్చాక ఖాదర్ భాయ్, "మంచోడు. ముసలోళ్లకు గట్లనే చెప్తరు" అన్నాడు. ఆ తర్వాత ఒక్క ఫ్రేము అతకలేదు. పంక్చర్లు, బ్రేకులు, చక్రాల సొట్టలు తీయడం. సొట్ట ఎక్కడుందో ఇప్పటికీ కంటితోనే పడతాడు. పట్టి, మళ్లీ కడ్డీ పెట్టి సరిచూసుకుంటాడు. మొదట్లో ఆ సరిచూసుకోవడం లేదు. అది నేను ఇచ్చింది.

ఆదివారాలు పోవడం మానలేదు. ప్రేమ తగ్గలేదు. తగ్గి ఉంటే తేలికయ్యేదేమో. నా కోసం ఇరానీ చాయ్‌లో మలాయి వేరుగా తీయించి ఉంచుతాడు, నాకు పడదని. అది తాగుతూ ఆయన పక్కన కూర్చుంటే ప్రతి గుక్కకూ అనిపించేది, ఈ మనిషి ఎవరికి మర్యాద చేస్తున్నాడో ఈయనకు తెలియదు అని.

పోయిన ఆదివారం చెప్పాను. ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. ఒకతను కొత్త ఫ్రేము కావాలని వచ్చాడు. ఖాదర్ భాయ్ రెండు చేతులూ చూపించి, "కండ్లు పోయినయ్ బేటా" అన్నాడు. అతను పోయాడు. ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడో చూశాక ఇక కూర్చోలేకపోయాను.

"ఉస్తాద్, ఆ అస్సీ నేనే రాసిన. ఏడును తిప్పి రాయడం మర్చిన. మీరు సరిగ్గనే చదివిన్రు. చిట్టీ మేకు మీదికెళ్లి తీసింది గూడ నేనే" అన్నాను.

ఆయన చేతిలో చక్రం తిరుగుతూనే ఉంది. అది ఆగేదాకా నన్ను చూశాడు.

"చిట్టీ ఏది మరి?"

"చింపేసిన."

"ఎవరు చెప్పమన్నరు? నా కొడుకా?"

"ఎవరూ చెప్పలే ఉస్తాద్. నిజం."

ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది. ముందు పళ్లు రెండు లేవు, నవ్వితే చిన్నపిల్లాడిలా ఉంటాడు. "అరె సాబ్. నువ్వు లెక్క తప్పుతవా? ఝూట్ చెప్పనీకి గూడ తెలివుండాలె, నీకు రాదు గది. ముసలోని దిల్ ఖుష్ చేయనీకి నీ ఇజ్జత్ నువ్వే తీసుకుంటున్నవ్." భుజం మీద చెయ్యి వేశాడు. "గిసుంటి దోస్తు ఎవరికుంటడు" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. చాయ్ చెప్పాడు.

రెండోసారి చెప్పాను. మూడోసారి కూడా. ప్రతిసారీ ఆయన ప్రేమ ఇంకొంచెం పెరిగింది. చివరికి, "బస్ సాబ్, సమజ్ అయింది" అని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనకు అర్థమైంది వేరు.

తిట్టి ఉంటే తీసుకునేవాడిని. క్షమించి ఉంటే అదీ తీసుకునేవాడిని. ఆయన నాకు కృతజ్ఞత చెప్పాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. రుజువు చింపింది నేనే. తప్పు చేయని మనిషిగా ఇరవై ఏళ్లు ఆయన ముందు కూర్చున్నదీ నేనే. ఆయన నమ్మకపోవడంలో ఆయన తప్పేముంది?

అందుకే మీకు రాస్తున్నాను. ఎనభై అని రాసింది నేను. ఖాదర్ భాయ్ ఉన్నది ఉన్నట్టు చదివాడు. ప్రభాకర్ భుజం విరిగింది నా చేతి వల్ల. ఈ నెలాఖరుకు మా ఇద్దరి షిఫ్టులు కలిసినప్పుడు అతనికీ ఈ మాటే చెప్తాను, అతను ఏమన్నా వింటాను. మీరు నన్ను ఏమనుకున్నా ఆ లెక్క మారదు. కానీ మూడు వాక్యాల్లో, ఏ సాకూ కలపకుండా దీన్ని రాయగలిగాను. ఆరేళ్లలో మొదటిసారి నా ఊపిరి అడుగు దాకా పోయింది. ఆ మాత్రం తేలికపడటానికి కూడా నాకు హక్కుందో లేదో తెలియదు. తేలికపడ్డాను, దాచను.

మీలో ఎవరికైనా ఫ్రేము కావలసి ఉంటే పురానాపూల్ పోండి. నా మాట ఎత్తకండి. అతకమని అడగండి. కళ్లు పోయాయంటాడు. వినకండి, మళ్లీ అడగండి.