టమాటకు కట్టిన గుడ్డ

అత్తమ్మ కత్తిపీట మీద టమాటను రెండు చెక్కలు చేసి నా ముందుకు తోసింది. తోలు మీద తెల్లటి మచ్చలు. మచ్చ కింద కండ పండకుండా, నమిలితే బెండు ముక్కలాగా ఉంది. బుట్టలో మిగిలినవి కూడా అంతే.

"నిజం చెప్పు. ముట్టు దినాలల్ల పెరట్లకు పోయినవా?" అని అడిగింది.

పోలేదన్నాను.

అది అబద్ధం. అంతకు ముందు నెల, బయట ఉన్న రెండో రోజు మధ్యాహ్నం, తాడు మీది తువ్వాల గాలికి ఎగిరి చిక్కుడు పందిరి కింద పడింది. ఇంట్లో ఎవరూ లేరు. గబగబా పోయి తీసుకొచ్చాను. వచ్చేటప్పుడు ఒక తీగ నా భుజానికి తగిలింది. ఆ తీగ తగిలిన చోటు రాత్రంతా గుర్తుండి పోయింది నాకు. ఆ తర్వాత ఇరవై రోజులకే చిక్కుడు పూత రాలడం మొదలైంది. నిలిచిన కాయలు వంకర్లు పోయాయి, లోపల గింజ ఎదగలేదు. ఇప్పుడు టమాటలు. నావల్లే ఏమో అని లోలోపల నాకే అనుమానం. అందుకే అబద్ధం అంత తొందరగా వచ్చింది.

డెబ్బయ్యవ దశకం చివర్లో సంగతి ఇది. నాకు పెళ్లయి రెండో ఏడు. జహీరాబాద్‌లో రైలు పట్టాలకు అవతల మా అత్తగారిల్లు. మామ అప్పటికే పోయారు. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. పొద్దున పోతే పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. పగలంతా ఇంట్లో నేనూ అత్తమ్మే. ఆమె పుట్టిల్లు బీదర్ వైపు. కోపం వచ్చినప్పుడు మాటల్లో కన్నడం కలిసేది. వంట, నీళ్లు, దేవుడి గూడు కూడా నాకు అప్పజెప్పింది కానీ, పెరడు మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. మామ పోయిన ఏడాది ఆ గట్టి నేలను తానే తవ్వి, పెంట పోసి, పందిరి వేసుకుందట. ఆ పెరట్లో ఒక్క మొక్క ఎండినా ఇంట్లో మాట తగ్గిపోయేది.

ఆమె టమాట చెక్కలు రెండూ తీసి పెంటలో వేసి వచ్చింది. ఆ రోజు నుంచి పందిరి వైపు పోవద్దంది. గిన్నెలు తోమే జాలారి వరకే నాకు హద్దు.

మా ఆయనకు చెప్పుకున్నాను. ఆయన పత్తి చేలకు కొట్టే మందు ఒక సీసా దొరుకుతుంది, తెచ్చి కొడదామా అని తల్లిని అడిగాడు. పొద్దున కోసి పొద్దున్నే వండుకునే కాయకు విషం ఎట్లా కొడతావని ఆమె కసిరింది. అంతటితో ఆయన ఊరుకున్నాడు.

ఆ ఏడు ఇంకొక భయం కూడా ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో బాణామతి అనే చేతబడి మాట పొయ్యి మీద పాలలాగా పొంగుతోంది. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి బర్రె పాలు తప్పినా, ఎవరో చేశారనే మాటే. ఒక ఊళ్లో మంత్రం నోట పలక్కుండా చేయాలని, అనుమానమున్న ఒకామె పళ్లు రాలగొట్టారని గోడ పక్కింటామె వచ్చి చెప్పిపోయింది. చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూసిందో, నా వెనక ఉన్న తలుపు వైపు చూసిందో ఇప్పటికీ చెప్పలేను.

జాలారి నుంచి పందిరికి ఆరేడు అడుగులు, మధ్యలో టమాట మడి. పొద్దున చలిలో గిన్నెలు తోముతూ ఆ మొక్కల్నే చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు, జాలారి మీదికి వంగిన టమాట కొమ్మ నుంచి ఏదో నా మణికట్టు మీద పడింది. విదిలించబోయి వేలితో నొక్కాను. గుప్పున వాసన. పచ్చి ధనియాలు, నల్లులు, కమురు నూనె కలిపితే వచ్చేలాంటి వాసన. బూడిదతో తోమినా పోలేదు.

ఆ వాసన నాకు తెలుసు. రాయికోడ్ దగ్గర మా పుట్టింటి కళ్లంలో కంది కట్టెలు కొట్టేటప్పుడు వచ్చేది. కంది కాయను పీల్చే పురుగులని, అవి పడితే పొట్టు మిగులుతుంది గానీ గింజ మిగలదని నాయన అనేవాడు.

మర్నాటి నుంచి చూడటం వేరేగా మొదలుపెట్టాను. పచ్చటి పురుగు, చిటికెన వేలి గోరంత, డాలు ఆకారంలో. ఆకు రంగులో కలిసిపోయి ఉంటుంది. నా నీడ పడితే కొమ్మకు అవతలి వైపు తిరిగేది. దగ్గరికి చేయి పోనిస్తే కాళ్లు వదిలేసి కింద పడేది. దాని పక్కనే గుండ్రంగా, నల్లగా, తెల్ల చుక్కలు ఎర్ర చుక్కలున్న చిన్న పురుగులు గుంపుగా ఉండేవి. అవి వేరే జాతి అనుకున్నాను. నాలుగు రోజులు కనిపెట్టి చూస్తే వాటిలో ఒకటి తోలు విడిచి కొంచెం పచ్చబడింది. పిల్లలూ తల్లులూ ఒక్కటే. అంచున ఉన్న ఒక ఆకు తిప్పితే, దాని అడుగున చిన్న చిన్న పీపాలు వరసగా పేర్చినట్టు గుడ్లు.

ధైర్యం చేసి అత్తమ్మతో చెప్పాను. పంటను పాడు చేస్తున్నది పురుగే అన్నాను.

"పురుగు తింటే బొక్క పడాలె. బొక్క ఏది? ఆకు కొరికిందా, కాయ కొరికిందా? తప్పు మీద గుడ్డ కప్పకు" అంది.

ఈ పురుగు కొరకదు, సూదిలాంటి మూతితో గుచ్చి రసం పీలుస్తుంది, బొక్క కంటికి కనబడదు. ఈ మాట ఎంత చెప్పినా, తప్పు చేసినవాళ్లు అల్లే కథలాగే ఉంటుంది. కంటికి చూపించాలి. ఎట్లా?

ఆ వారం సంత రోజు అత్తమ్మ బయటికి పోగానే హద్దు దాటాను. మామ పాత ధోవతిలోంచి గాలి ఆడే పల్చటి గుడ్డ రెండు ముక్కలు చించాను. పక్కపక్క కొమ్మల మీద మచ్చ లేని పచ్చి కాయలు చూసుకున్నాను. ఒక గుత్తి చుట్టూ గుడ్డ కప్పి, లోపల ఐదు పచ్చ పురుగుల్ని వేసి మూతి దారంతో కట్టాను. రెండో గుత్తిని దులిపి, ఒక్క పురుగు కూడా లేకుండా చూసి కట్టాను. ఆకుల కింద దాచి వచ్చాను. పది రోజులు ఆగితే తేడా తెలుస్తుందని నా లెక్క. చేతులకు అంటిన వాసన పోవడానికి చింతపండు వేసి తోముకున్నాను.

ఆ పది రోజులు ఎట్లా గడపాలనుకున్నానో నాకు తెలియదు. అత్తమ్మ పెరట్లోకి పోయిన ప్రతిసారీ వంటింట్లో నా చేయి ఆగిపోయేది. ఆమె కాళ్ల చప్పుడు టమాట మడి దగ్గర నిలిస్తే చెవి అటే పెట్టేదాన్ని. ఒకసారి ఆమె వంగి ఆకులు కూడా పక్కకు తీసింది. ఎండుటాకు ఏరి మళ్లీ లేచింది. మా ఆయనకు చెబుదామా అనుకుని మానేశాను. చెబితే ఆయన తల్లికి చెబుతాడు.

ఏడో రోజు పొద్దెక్కిన తర్వాత పిండి జల్లెడ పడుతున్నాను. వెనక నుంచి పక్కింటామె గొంతు వినిపించింది. గోడ మీదుగా ఎండుకట్టెలు అందుకోబోయి చూసిందట.

"అక్కా, మీ పెరట్ల ఎవలో గుడ్డ మూటలు కట్టిన్రు. నువ్వు ముట్టకు" అంటోంది.

జల్లెడ అక్కడే పెట్టి బయటికి వచ్చాను. పక్కింటామె అప్పటికే చుట్టూ తిరిగి మా వాకిట్లోంచి వచ్చేసింది. ఆమె వెంట ఇంకో ముగ్గురు ఆడవాళ్లు. అందరూ మడికి దూరంగా నిలబడ్డారు. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తెల్ల గుడ్డ, దారం ముడులు, లోపల ఏదో కదులుతోంది. వాళ్ల కళ్లతో చూస్తే నాకే ఒళ్లు జలదరించింది. ఎవరినైనా మొగుడంపల్లి వైపు పంపి అక్కడి మంత్రగాణ్ణి పిలిపించాలని పక్కింటామె అప్పుడే అంటోంది. కట్టిన మనిషిని అతనే చెబుతాడట.

అత్తమ్మ మడి వైపు చూడకుండా నన్నే చూసింది.

"ఎవలు కట్టిన్రు?" అంది.

అప్పుడు కూడా అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తెలియదని అంటే ఆ మంత్రగాడు వస్తాడు. వచ్చి ఎవరో ఒకరి పేరు చెబుతాడు. అది నాది కాకపోతే ఇంకొకరిది.

"నేనే కట్టిన" అన్నాను.

పక్కింటామె రెండడుగులు వెనక్కి వేసింది. వాళ్ల వెనక వాకిలి తలుపు తెరిచే ఉంది. ఈ మాట తలుపు దాటితే మళ్లీ లోపలికి తేలేనని తెలుసు. జాలారి బండకు ఆనుకుని నిలబడ్డాను. లోపల పురుగులున్నాయని, ఒక దాంట్లో ఉన్నాయి, ఇంకొక దాంట్లో లేవని, కాయ ఎందుకు పాడవుతోందో చూపించడానికే కట్టానని చెప్పాను.

విప్పమంది అత్తమ్మ.

"నేను ఇప్పితే నమ్మరు. నువ్వే ఇప్పు అత్తమ్మా" అన్నాను.

పక్కింటామె వద్దు వద్దంటూ చేయి పట్టుకోబోయింది. అత్తమ్మ ఆ చేయి తప్పించుకుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి మడిలోకి దిగింది. మొదటి ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. గుడ్డ ఊడగానే పురుగులు టపటపా రాలాయి. ఒకటి ఆమె అరచేతిలో నలిగింది. వాసన వాకిలి దాకా కొట్టింది. ఆమె చేయి ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం తిప్పుకుంది. తర్వాత కాయలను చూసింది. మూడు కాయల మీదా సూది మొనతో పొడిచినట్టు చుక్కలు, చుక్కల చుట్టూ తెలుపు.

రెండో గుడ్డ ఆమె తొందరగా విప్పింది. ఆ కాయలు నున్నగా ఉన్నాయి.

కత్తి తెమ్మంది. తెచ్చి ఇచ్చాను. మడిలోనే కూర్చుని రెంటినీ కోసింది. ఒకటి బెండు. ఒకటి మంచిది. రెండు చెక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని లేచి, ఆ నలుగురి ముందు చేతులు చాపింది.

"ఇగ చూడున్రి. పురుగు. ఈ సంగతి బయట ఇంకో తీరుగ అయితే నేనే మీ ఇండ్లకొచ్చి అడుగుత" అంది.

ఒకామె దగ్గరికొచ్చి వంగి చూసింది. మిగతావాళ్లు మెల్లగా కదిలారు. పక్కింటామె చివరిగా పోయింది. పోతూ పోతూ కూడా ఆ గుడ్డ ముక్కల్ని కాల్చేయమనే చెప్పింది. అత్తమ్మ కాల్చింది కూడా. తనకు నమ్మకం ఉండి కాల్చిందో, పక్కింటి వాళ్లు చూస్తున్నారని కాల్చిందో నేను అడగలేదు.

మధ్యాహ్నం ఇద్దరం అన్నం ముందు కూర్చున్నాం. తువ్వాల సంగతి చెప్పేశాను. రెండో రోజు పందిరి కిందికి పోయానని, పోలేదని అబద్ధం చెప్పానని.

ఆమె తినడం ఆపలేదు. "నాకెరుకే. తడి మట్టిల నీ అడుగు చూసిన. నువ్వే చెప్తవని చూస్తున్న" అంది.

అయితే అన్ని రోజులూ ఎందుకు అడగలేదని అన్నాను.

"అడిగిన గదా. లేదంటివి. మల్ల అడిగితే ఏం చెయ్యాల్నో నాకు తెల్వలే" అంది.

పెళ్లయినప్పటి నుంచి ఆమె నోట తెలియదనే మాట అదే మొదటిసారి విన్నాను.

మర్నాడు పొద్దున చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఇద్దరం పెరట్లో దిగాం. ఎండ తగలకముందు పురుగులు కూడా బిగుసుకుని ఉంటాయి, ఎగరవు. బట్టల సబ్బు గీకి కలిపిన నీళ్లు ఒక వెడల్పు గిన్నెలో పోసి కొమ్మ కింద పట్టుకుంటే, రెండో మనిషి కొమ్మను తట్టాలి. ప్రాణభయంతో కాళ్లు వదిలి పడటం వాటి అలవాటు కదా, తిన్నగా గిన్నెలో పడేవి. గుడ్లున్న ఆకులు తుంచి పొయ్యిలో వేశాం. ఒకటి రెండు ఆకుల మీద గుడ్లు నల్లగా మారి ఉన్నాయి. వాటిని సీసాలో వేసి మూతికి గుడ్డ కట్టి పెట్టాను. లోపలి నుంచి పురుగు పిల్లలు రాలేదు, దోమకన్నా చిన్న ఈగలు వచ్చాయి. పురుగు గుడ్లను తినేది కూడా ఇంకొకటి ఉందన్నమాట. అప్పటి నుంచి నల్లటి గుడ్లు ముట్టుకోలేదు.

గోడ వారగా కామంచి మొక్కలు, విత్తుకొచ్చిన తోటకూర గుబురుగా ఉండేవి. చేలల్లో కోతలు అయ్యాక వచ్చిన పురుగులకు అదే ఇల్లు. అత్తమ్మ ఆ గుబురంతా పీకేసింది. ఒక్కసారే పీకేస్తే వాటిలో ఉన్నవన్నీ టమాటల మీదికి వచ్చాయి. రెండు రోజులు ముందుకన్నా ఎక్కువైనట్టు కనబడి ఇద్దరికీ భయమేసింది. ముందు పురుగులు రాల్చి తర్వాత పీకాలని అప్పుడు తెలిసింది.

మొదటి కాపు మొత్తం పోయింది. చిక్కుడు పూత మళ్లీ నిలవడానికి మూడు వారాలు పట్టింది. రోజూ పొద్దున గిన్నె పట్టుకుని దిగితేనే. ఒక్క రోజు మానితే మర్నాడు రెండింతలు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒక పొద్దున పెరట్లోంచి అత్తమ్మ కేకేసింది, గిన్నె పట్టుకురమ్మని. అది నేను బయట ఉన్న రెండో రోజు. ఆమె మరచిపోయింది. గడప దగ్గరే నిలబడి, రాకూడదని చెప్పాను. ఆమె పందిరి కింద నుంచి తానే వచ్చి గిన్నె తీసుకుంది.

"ఆడ్నే కూసో. ఎండ పడే దిక్కు ఆకులల్ల ఏడేడ కదులుతున్నయో చూసి చెప్పు. నా కండ్లకు ఆనుతలేవు" అంది.

గడప మీద కూర్చుని చెప్పాను. ఆమె తట్టింది. ఆ పై ఏడు బయట ఉన్న రోజున కేకేసినప్పుడు మాత్రం నేను ఏమీ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. గిన్నె తీసుకుని పందిరి కిందికి నడిచాను.