సుగిమాన్ బాబాయ్ టెంపె పళ్ళెం

కొత్త నవలల్ని అచ్చుకి దిద్దే సుగిమాన్ బాబాయ్ ఎవరి రాతప్రతినీ కళ్ళతో చదివేవాడు కాదు, టెంపె ముక్కలతో చదివేవాడు. సాయంత్రం పోనిరా అక్క టీ బండి పక్కన చాప పరిచి, నలుగురు రిక్షావాళ్ళని కూచోబెట్టి, మధ్యలో వేడివేడి సోయా టెంపె వేపుడు ముక్కల పళ్ళెం పెట్టించేవాడు. రచయిత గట్టిగా చదవాలి. వినేవాళ్ళలో ఎవరి చెయ్యి పళ్ళెం మీదికి వెళ్ళినా సరే, "అదిగో, అక్కడ!" అంటూ ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిల్ గీత పడేది.

"నోటితో అడిగితే చెప్పరా బాబాయ్?" అన్నాడోసారి నవలలు రాసే జుమాది.

"మన జోగ్జా ఊరివాళ్ళ నోటికి బాగాలేదనడం చేతకాదురా. నీ నవల మధ్యలో నిద్రపోయి లేచినా బ్రహ్మాండం అంటారు. చేతికి అంత మర్యాద తెలీదు."

ఈ పిచ్చికి వేళాపాళా ఉండేది కాదు. ఒక పెళ్ళిలో ఊరిపెద్ద ఉపన్యాసమిస్తుంటే, బాబాయ్ అతిథుల చేతులు చూస్తూ శుభలేఖ వెనక గీతలు గీశాడు. అయ్యాక ఆయన దగ్గరికెళ్ళి, "మీ తాతగారిని తీసేస్తే చాలా బాగుంటుందండీ" అన్నాడు. ఇంట్లో భార్య కూరగాయల చీటీ చదివినా బిస్కెట్ డబ్బా ముందు పెట్టుకునేవాడు. వంకాయ అనగానే చెయ్యి డబ్బాలోకి పోయేది.

జుమాది రెండో నవల వానతో మొదలైంది. ఆ వాన వెలిసి కథానాయిక రైలు దిగేలోపు పళ్ళెం ఖాళీ. పోనిరా అక్క ఇంకో వాయి వేసింది.

"చాలా బాగుంది తమ్ముడూ," అన్నాడు నోటినిండా టెంపెతో రిక్షా పార్జో. "పాపం, ఆ పిల్ల తడిసిపోతోందేమో అని..."

బాబాయ్ పెన్సిల్ చెవిలో దోపుకున్నాడు. "చదివేవాణ్ణి గుమ్మంలో నిలబెట్టావురా. ముందు లోపలికి పిలు. వాన తర్వాతైనా కురుస్తుంది."

అంతవరకు జుమాది ఓర్చుకున్నాడు. మర్నాడు రెట్నో వచ్చింది. బతిక్ గుడ్డల కొట్లో పనిచేసే పిల్ల, మొదటి నవల. కాగితాల్లోంచి తలెత్తకుండా చదువుకుపోయింది. అయినా ఒక్క చెయ్యీ లేవలేదు. టెంపె చల్లారి బిగుసుకుపోయింది. జుమాది కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. అత్తాకోడళ్ళు గుడ్డకి రంగు అద్దుకోవడం కూడా ఒక కథేనా?

"తినండన్నా, చల్లారిపోతున్నాయి!" అని పళ్ళేన్ని పార్జో ఒళ్ళోకి నెట్టాడు.

"వద్దు తమ్ముడూ," అని పార్జో పొట్ట నిమురుకున్నాడు.

ఇక రాయడం దండగనిపించింది జుమాదికి. అందరూ వెళ్ళాక నవల తెచ్చి బండి మీద పడేశాడు. "పొట్లాలు కట్టుకో అక్కా. నేను రాయను."

పోనిరా అక్క పకపకా నవ్వింది. "ఓరి పిచ్చోడా! ఆ పిల్ల చదివే ముందు మీ బాబాయ్ వాళ్ళందరికీ గుడెగ్ పనసకూరతో పీకలదాకా అన్నం పెట్టించాడు. మొదటి పుస్తకమైతే ఎవరికైనా అంతే. మొదటిరోజే పళ్ళెం ఖాళీ అయితే మళ్ళీ కలం పట్టరట."

జుమాది మొహం వెలిగిపోయింది. అంతలోనే ఆరిపోయింది.

"మరి నా మొదటి పుస్తకానికి?"

"నీది పొడుగని రెండోసారి కూడా వడ్డించమన్నాడు."

జుమాది తిన్నగా బాబాయ్ ఇంటికి పోయాడు. "ఈసారి కూడా పనసకూర పెట్టిస్తే నీ సొమ్మేం పోయింది?"

"నువ్విక పారిపోయే రకం కాదురా," అన్నాడు బాబాయ్. "ఆకలిగా ఉన్నవాళ్ళకి చదవగలవు."

ఆ మాటకి జుమాదికి కోపం రావాలి. రాలేదు. నవల వెనక్కి తెచ్చుకుని, వానంతా కొట్టేసి, మొదటి వాక్యంలోనే పిల్లని రైలు దింపాడు. మళ్ళీ చాప మీద కూచుని చదివాడు. మధ్యాహ్నం నుంచి ఏమీ తినని పార్జో చెయ్యి చాచి, పళ్ళెం దాకా రాకుండానే మర్చిపోయాడు. చివర కూచున్న రెట్నో మాత్రం గబగబా నములుతోంది.

జుమాది చదవడం ఆపేశాడు. "బాబాయ్, రెట్నో తింటోంది!"

"రచయితల చేతులు లెక్కలోకి రావురా," అన్నాడు బాబాయ్. "పక్కవాడిది బాగుంటే వాళ్ళకి ఆకలెక్కువ."

జుమాది పళ్ళేన్ని మెల్లగా రెట్నో వైపు జరిపి, పేజీ తిప్పాడు.