మర్రిగూడ మొగులు

నా ఫొటో వెనక “ఆకాశం అతికించినది” అని ఎర్ర సిరాతో రాసి, పోటీలోంచి తీసేసి, నా చేతికిచ్చారు. అది అబద్ధం. అప్పుడూ అన్నాను, ఈ ముసలితనంలో ఇప్పుడూ అంటున్నాను.

తొంభైల మొదట్లో మాట. నల్లగొండలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, అదే బతుకు. పని ఎవరూ నేర్పలేదు, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. ఒక వానకాలం మధ్యాహ్నం మర్రిగూడ దగ్గర బండ ఎక్కితే, కింద పత్తి చేన్లు, వెనక గుట్టలు, పైన ఈ కొస నుంచి ఆ కొసదాకా మబ్బులు. కంటికి అన్నీ కనిపిస్తున్నాయి. కెమెరాకు కనిపించవు. చేనుకు సరిపడా వెలుతురు పట్టనిస్తే ఆకాశం తెల్లబోతుంది. మబ్బులకు సరిపడా ఇస్తే చేను నల్లబడుతుంది. అందుకని స్టాండు మీద కెమెరాను ఎడమ నుంచి కుడికి ఐదు చోట్ల ఆపి, ఆపినచోటల్లా రెండేసి తీశాను. ఒకటి నేలకు, ఒకటి మబ్బుకు.

చీకటి గదిలో ఆ రెంటినీ ఒకే కాగితం మీదికి దించాలి. నేలను అచ్చువేసేటప్పుడు ఆకాశానికి, ఆకాశాన్ని వేసేటప్పుడు నేలకు, గుట్టల వంపు ప్రకారం కత్తిరించిన అట్టముక్క అడ్డం పెట్టాలి. కదలకుండా పట్టుకున్నాను. గుట్టల పొడుగునా తెల్ల గీత పడింది. ఆరేస్తుంటే మా ఇంటామె చూసి, “గుట్టకు జరీ అంచు కుట్టినవా ఏంది?” అని నవ్వింది. రోషమొచ్చింది గానీ ఆమె అన్నది నిజం. అట్టను సన్నగా ఆడిస్తూ పట్టుకుంటే గీత కరిగిపోతుందని తెలిసేసరికి ఒక పెట్టె కాగితం పాడైంది. చివరికి ఐదు అచ్చులనూ అంచులు బ్లేడుతో కోసి పక్కపక్కన అతికించాను. ఆమె మళ్లీ చూసింది. “గిప్పుడు సల్లగాలి వస్తున్నట్టున్నది” అంది. మూడో అతుకు దగ్గర మాత్రం నాకొక అనుమానం. ఎవరికీ చెప్పలేదు.

దాన్ని ఆ ఏటి ఫొటోల పోటీకి ఇచ్చాను. తీర్పు చెప్పడానికి పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. దూరం నుంచే చూసి అడిగాడు.

“ఏమండీ, మర్రిగూడలో ఇన్ని మబ్బులెక్కడివండీ? ఏ కోనసీమ ఆకాశమో తెచ్చి అంటించారు.”

“మా దిక్కు నీళ్లు బాగలేవు గని సారూ, మొగులు గూడ లేదా? గిదిగో ఫిల్ము. కొయ్యలే. అన్ని వరసగున్నయి, జర చూడుండ్రి.”

“అతుకుల బొంతకు సాక్ష్యం కూడానా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఫిల్ము ముట్టుకోకుండానే ఆయన ఎర్ర పెన్ను తీశాడు.

అతుకులున్నాయి, కాదనను. దాచనూ లేదు. కానీ ఆకాశం ఎత్తుకొచ్చానంటే ఎట్లా ఊరుకుంటాను? ఫొటో దిగడానికి వచ్చినవాళ్లు కూడా, “నా తలకాయ ఎవరి మెడ మీద పెడతవే అన్నా?” అని ఆటపట్టించడం మొదలుపెట్టారు.

ఆయనకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను: “బహుమతి వద్దు. ఆ వాక్యం మీ చేత్తో కొట్టెయ్యండి.” దానికీ లేదు. మూడో ఏడు ఆ పది నెగెటివ్‌లనూ వరసగా ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి, అసలు ఫొటోతో కలిపి రిజిస్టరు పోస్టులో పంపాను. ఒకదాంట్లో తెల్ల ఆకాశం కింద ఉన్న గుట్టే, పక్కదాంట్లో మబ్బుల కింద నల్లగా ఉంది. ఇంకేం చూపించాలి? ఇప్పుడు ఫోను ఈ పనే తనంతట తాను చేస్తోంది. దాన్నెవరూ దొంగ అనరు.

ఎండలు ముదిరాక ఫొటో తిరిగొచ్చింది. ఉత్తరం లేదు. వెనక్కి తిప్పాను. ఎర్ర సిరా వాక్యం అడ్డంగా కొట్టేసి ఉంది. దాని కింద అదే దస్తూరీ, నీలం సిరా:

“ఆకాశం మర్రిగూడదే. మూడో అతుకు దగ్గర గుట్ట వంగింది, చూసుకోండి.”