బాబాయి ఆగిన చోట్లు

మొన్న సాయంత్రం టీవీలో పాటలూ హాస్యమూ కలిపిన కార్యక్రమం ఏదో వస్తోంది. జోకు పూర్తయ్యీ కాకముందే వెనక నుంచి నవ్వుల మోత. ఎవరు నవ్వుతున్నారో కనపడరు. నాకు ఒళ్ళు మండి కట్టేశాను. కట్టేశాక బాబాయి గుర్తొచ్చాడు.

మా నాన్న తమ్ముడు గుణదలలో బడిపంతులు. బళ్ళో ఎంత గంభీరమో, తిరునాళ్ళకీ క్రిస్మస్‌కీ స్టేజి ఎక్కితే అంత నవ్వించేవాడు. పిన్ని పక్కన హార్మోనియం వాయించేది. వాళ్ళింట్లో ఉండి కాలేజీలో చదువుకునేదాన్ని కాబట్టి కోరస్‌లో నేనూ గొంతు కలపక తప్పేది కాదు. బాబాయికి పేరు తెచ్చింది అత్తగారి వేషం. తువ్వాలు నెత్తిన కప్పుకుని, అచ్చం పిన్ని వాళ్ళమ్మ గొంతుతో, "అల్లుడుగారూ, ఆ నెయ్యి వాసన చూడ్డానికి కాదండీ, వేసుకోడానికి" అని ఆగేవాడు. దివిసీమ నుంచి పనిగట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్న ఆ అత్తగారే అందరికన్నా ముందు పకపకా నవ్వేది. ఆవిడ నవ్వాక జనం, జనం నవ్వాక బాబాయి రెండో మాట. "నేను మరీ అంత మెత్తగా అంటానా అండీ? ఇంకో గరిటె వేసి మరీ అంటాను" అని ఇంటికొచ్చాక ఆవిడ దెబ్బలాడేది కూడా.

ఉప్పెన ఆవిడని తీసుకుపోయింది. ఇల్లున్న చోట ఇసుక మేట తప్ప ఏమీ మిగల్లేదు. పిన్ని ఏడవలేదు. అదే మాకు భయం. హార్మోనియం మీద దుప్పటి కప్పేసి, అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప మాట్లాడ్డం మానేసింది. బాబాయి భుజాన తువ్వాలు వేసుకోవడం కూడా మానుకున్నాడు.

అలాంటి సమయంలో హైదరాబాదు టీవీ నుంచి పిలుపొచ్చింది. బెజవాడకి అప్పటికింకా టీవీ రాలేదు, మేం వేసేది మావాళ్ళెవరూ చూడలేరు. పైగా వాళ్ళడిగింది అత్తగారి వేషమే. రాలేమని రాసేస్తానన్నాడు బాబాయి. పిన్ని దుప్పటి తీసి హార్మోనియం తుడిచి, "వెళ్దామండీ" అంది. అది ఇష్టమో మొండితనమో మాకు అర్థం కాలేదు.

స్టూడియోలో జనం లేరు. దీపాల వేడి, కెమెరాల వెనక నోరు మెదపని మనుషులు. మాకంటే ముందు ఒకాయన వేణువు వాయించి వెళ్ళాడు. బాబాయి తువ్వాలు కప్పుకుని నెయ్యి మాట అన్నాడు, అలవాటు ప్రకారం ఆగాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వకూడదని అక్కడ రూలట. ఆయన ముందు వరస ఉండాల్సిన చోటుకేసి చూస్తూ ఇంకా ఆగే ఉన్నాడు. అక్కడ గచ్చు మీద వైర్లే ఉన్నాయి. పిన్ని వేళ్ళు హార్మోనియం మెట్ల మీద కదలడం లేదు. "కానివ్వండి మాస్టారూ" అన్నారెవరో. ప్రతి మాటకీ ఆగుతూ, ఎలాగో పూర్తిచేశాడు.

మర్నాడు పగటి రైల్లో బాబాయి తలెత్తలేదు.

"చెడగొట్టాను. నిన్నూ బాధపెట్టాను" అన్నాడు.

పిన్ని కిటికీ వైపే చూస్తూ, "మీరాగినప్పుడల్లా నాకు అమ్మ నవ్వు వినపడిందండీ" అంది. కాసేపటికి, "ఆ గొంతుతో నన్నొకసారి పిలవరూ?" అంది.

బాబాయి తువ్వాలు కప్పుకోలేదు. గొంతు మాత్రం మార్చి, "ఏమే, అన్నం తిన్నావా?" అన్నాడు.

కొండపల్లి దాటేదాకా పిన్ని ఏడుస్తూనే ఉంది. మేం ఓదార్చలేదు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వేషంలోని మాటలు ఒక్కొక్కటే మరిచిపోతున్నాను గానీ, బాబాయి ఆగిన చోట్లు మాత్రం ఒక్కటీ మరవలేదు.