యాక్ షేవింగ్ అంటే ఏమిటో గొర్రెల మధ్య తెలిసిన రోజు

ఆపరేషన్ తర్వాత బాపును దవాఖాన నుంచి హైదరాబాద్‌లోని నా ఫ్లాట్‌కు తెచ్చాను. ఆయన అడిగింది ఒక్కటే, తన నల్ల గొంగడి. పెట్టె తెరిచి చూస్తే నడిమధ్యన ఎలుకలు కొరికేసి అరచేయంత రంధ్రం. "గది కప్పుకోకుంటె నిద్ర పడ్తలేదు బిడ్డా" అన్నాడు. మూడు రాత్రులు ఆయన కళ్లు తెరుచుకునే పడుకోవడం చూసి, శనివారం దాన్ని సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

నేను ప్రోగ్రామర్ని. మా ఆఫీసులో 'యాక్ షేవింగ్' అనే మాట తరచూ వినిపిస్తుంది. మాటకు మాట చెబితే జడలబర్రెకు క్షవరం. ఒక చిన్న తప్పు దిద్దబోతే దానికి ముందు మరో పని, దానికీ ముందు ఇంకో పని తగులుకుని, చివరికి అసలు పనితో సంబంధమే లేనట్టుండే పనిలో మునిగిపోవడం. విసుగొచ్చినప్పుడే ఆ మాట అంటాం.

ఆరున్నరకు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కి ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చారు. షాద్‌నగర్ దాటాక బండరాళ్ల గుట్టలు పొగమంచులో తేలుతున్నట్టు కనిపించాయి. ఎనిమిదిన్నరకు జడ్చర్ల. అక్కడి నుంచి బాపు చెప్పిన ఊరికి షేర్ ఆటోలో ముప్పావు గంట, నలభై రూపాయలు. "గొంగడికి అతుకేసేది మల్లవ్వ ఒక్కతే అక్కా" అంటూ డ్రైవర్ ఆమె గడప ముందే దింపాడు.

డెబ్బై ఏళ్ల మల్లవ్వ రంధ్రం చుట్టూ వేలు తిప్పింది. "అతుకేస్త గని నూలు లేదు బిడ్డా. నూలు వడకాలంటె ఉన్ని ఏకాలె. ఉన్ని కావాలంటె గొర్రెను కత్తిరియ్యాలె. దానికంటె ముందుగాల కడగాలె. మా తమ్ముడు గిప్పుడే వాగుకు తోల్కపోతుండు. నువ్వు గూడ పో."

నవ్వొచ్చింది. వెళ్లాను.

మడుగులో మోకాలి లోతున నిలబడి ఒక నల్ల గొర్రెను పట్టుకున్నాను. "గట్టిగ పట్టకు, అదురుతది. జర మెత్తగ" అన్నాడు తమ్ముడు బీరయ్య. దాని గుండె నా అరచేతిలో టపటపలాడి, మెల్లగా నెమ్మదించింది. తర్వాత ఎండలో గొర్రెలు ఆరుతుంటే మేమూ బండ మీద ఆరాం. ఫోన్ సంచిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం కత్తెర సవ్వడికి ఉన్ని మబ్బు తునకల్లా రాలి పడింది. అందులో చేతులు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

మల్లవ్వ ఉన్నిని ఏకి, చిక్కు విడదీసి నూలు వడుకుతుంటే ఆమెకు మా ఆఫీసు మాట చెప్పాను.

"అంటె గిదంత అసలు పని కాదంటరా?"

"అసలు పని గొంగడి కుట్టడం కదా అవ్వా."

"కుట్టుడు గాదు బిడ్డా. మీ బాపు పండుకునుడు."

నాలుగున్నరకు అతుకు పూర్తయింది. రెండు వందలు తీసుకుని, ఆమే నన్ను ఆటో దాకా సాగనంపింది.

ఇంటికి చేరేసరికి ఎనిమిదైంది. బాపు అతుకును తడిమి వాసన చూశాడు. "కొత్త ఉన్ని" అన్నాడు. పది నిమిషాల్లో సన్నగా గురక మొదలైంది. నేను దీపం ఆర్పి పక్కనే కూర్చున్నాను. కడగడం, ఆరబెట్టడం, కత్తిరించడం, వడకడం, వీటిలో ఏది దారి తప్పిన పనో ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. ఆ గురక వింటుంటే తేల్చుకోవాలనీ అనిపించలేదు.

ఇలా వెళ్లాలనుకునేవారికి ఒక మాట: గొర్రెలను కడిగేది పొద్దున పది లోపే, తడి ఆరకుండా ఎవరూ కత్తెర పట్టరు. తొమ్మిది లోపు జడ్చర్లలో ఉండండి. ఊరి నుంచి తిరుగు ఆటో సాయంత్రం ఐదింటికే ఆఖరు.