గీత లేని చుక్క

అందరూ ఆమెను పిచ్చుక అనే పిలుస్తారు. చిన్నప్పుడు ఒకచోట నిలవకుండా గెంతుతుండేదని పిన్ని పెట్టిన పేరు. నలభై దాటి, కళ్ళజోడు వచ్చి, ఒళ్ళు బరువెక్కినా ఆ పేరు మాత్రం వదల్లేదు. పురపాలక ఆరోగ్య శాఖ ఆఫీసులో, ఫ్యాను గాలి తగలని మూల బల్ల ఆమెది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం ఆమె పని.

తల్లి పోయాక పిచ్చుకను పెంచింది పిన్నే. తన పెళ్ళి మాట తలపెట్టకుండా, బట్టలు కుట్టి పెంచింది. రాత్రిళ్ళు మిషను చప్పుడు ఆగితే పిల్ల ఉలిక్కిపడి లేచేదట. అలాంటి పిల్ల ఉద్యోగం, పెళ్ళి అయి ఊరికి ఆ చివర కాపురం పెట్టాక, మొదట్లో ప్రతి ఆదివారం పిన్ని దగ్గరికి వెళ్ళేది. తర్వాత నెలకోసారి. ఆ తర్వాత వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది. తగాదా ఏమీ లేదు. ఉంటే మధ్యలో ఎవరో ఒకరు సర్దిచెప్పేవారు. వెళ్ళని రోజులు పోగయ్యేకొద్దీ వెళ్ళడానికి ముఖం చెల్లలేదు, అంతే.

ఆ రోజుల్లోనే ఆఫీసులో కొత్త పని మొదలైంది. ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళ ఇళ్ళకు నర్సులను పంపాలి. మిమ్మల్ని ఎవరు చూసుకుంటున్నారని సర్వేవాళ్ళు ఇంటింటికీ తిరిగి అడిగి వచ్చారు. ఆ వివరాలతో పిచ్చుక కంప్యూటర్లో ఒక అల్లిక తయారుచేయాలి. ఒక్కో మనిషి ఒక్కో చుక్క. చూసుకునేవాళ్ళ నుంచి పెద్దవాళ్ళకు ఒక గీత. గీతలు ఎవరికి తక్కువుంటే నర్సు ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళాలి.

దీనికి పిచ్చుక ఒక లైబ్రరీ వాడింది. పుస్తకాలుండే లైబ్రరీ కాదు, ఎవరో ముందే రాసిపెట్టిన పనిముట్ల పెట్టె. చుక్క పెట్టమంటే పెడుతుంది, గీత గీయమంటే గీస్తుంది, చివర్లో మొత్తాన్ని ఫైలుగా బయటికి తీసిస్తుంది. పొయ్యీ గిన్నెలూ ఎవరో అమర్చి ఉంచితే మనం వెళ్ళి వండుకున్నట్టు.

వివరాలు సరిచూస్తుంటే పిన్ని పేరు కనిపించింది. చూసుకునేవారు ఎవరన్న చోట ఖాళీ. పిచ్చుక వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. తన పేరు చేర్చి ఒక్క గీత గీస్తే సరిపోతుంది. కానీ గీస్తే, నర్సు ఫోన్ చేసి, ఆవిణ్ణి ఎప్పుడు చూశారమ్మా అని అడుగుతుంది. ఏమని చెప్పాలి? తర్వాత చూద్దాంలే అనుకుంది. పిన్ని గీత లేని చుక్కగానే ఉండిపోయింది.

చుక్కలూ గీతలూ తెర మీద అందంగా పరుచుకున్నాయి. ఫైలుగా తీయడానికి లైబ్రరీలో రకరకాల కమాండ్లున్నాయి. పిచ్చుక అన్నిట్లోకీ పొట్టిదాన్ని ఎంచుకుంది. పై నాలుగు వరుసలు చూసి, బాగానే ఉందని పంపించేసింది.

"అప్పుడే అయిపోయిందా? పేరుకి తగ్గట్టు రెక్కలున్నాయమ్మా నీకు," అన్నాడు ఆఫీసరు.

కొన్ని వారాలకు, ఆ లిస్టు పట్టుకుని ఇళ్ళకు తిరిగే నర్సమ్మ టీ తాగడానికి పైకి వచ్చింది. నవ్వితే పక్కగదికి వినిపించే మనిషి.

"నీ ఫైలు పుణ్యమా అని ఒళ్ళు చేశానే పిచ్చుకా. ఏ ఇంటికెళ్ళినా కొడుకో కోడలో తలుపు తియ్యడం, కూర్చోబెట్టి మర్యాదలు చెయ్యడం. ఎవరూ లేనివాళ్ళు ఈ ఊళ్ళో లేనే లేరా ఏంటి?" అంది. అంతలోనే ఆమె ముఖం మారింది. "ఉండకేం. నిన్న ఆస్పత్రిలో ఒకావిణ్ణి చూశా. బట్టలు కుడుతుందట. కాలి మీద కత్తెర పడితే గుడ్డ చుట్టుకుని ఊరుకుందిట. అసలే షుగరు. పక్కనుండే ఇస్త్రీ ఆయన ఆటోలో వేసుకొచ్చాడు. అప్పటికే ముదిరిపోయింది. రెండు వేళ్ళు తీసేశారు. నా లిస్టులో ఉంటే ముందే చూసుండేదాన్ని కదా."

"ఏ వీధి?"

"గోడౌన్ల వెనక సందు. మెట్ల కింద గది. ఏం, తెలుసా?"

పిచ్చుక తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో ఆమెకే తెలియలేదు.

నర్సమ్మ వెళ్ళాక ఫైలు తెరిచి వెతికింది. పిన్ని లేదు. గీత లేని చుక్కలు ఒక్కటీ లేవు. తెర మీద బొమ్మలో అన్నీ ఉన్నాయి, చాటలోంచి చెదిరిపడ్డ గింజల్లా అంచుల్లో. ఆమె ఎంచుకున్న కమాండు గీతలను మాత్రమే రాస్తుంది. ఒక్కో గీతకు ఒక్కో వరుస. గీతే లేని మనిషికి ఇక వరుస ఎక్కడిది? ఆ సంగతి లైబ్రరీ వివరాల్లో రాసే ఉంది. ఆమె చదవలేదు. ఎవరికోసం ఈ పని మొదలైందో సరిగ్గా వాళ్ళే రాలిపోయారు.

సరిచేయడం పెద్ద పని కాదు. చుక్కలు ఒక ఫైలు, గీతలు ఒక ఫైలు తీసింది. చుక్కలన్నీ వచ్చాయో లేదో ఈసారి లెక్క చూసుకుంది. బల్ల మీద టీ చల్లారేలోపు అయిపోయింది. ఇంత సుళువని తెలిశాక మనసు మరీ కుంగిపోయింది.

"కంప్యూటరన్నాక ఇవన్నీ మామూలేనమ్మా. సాంకేతిక లోపం అని రాసెయ్," అన్నాడు ఆఫీసరు, సంగతి విని.

"దాని లోపం కాదు సార్. నేనే సరిచూసుకోలేదు."

"సరే, అలాగే రాయి. నీ ఇష్టం."

అంతవరకే చెప్పింది. పిన్ని పేరు చూసీ వదిలేసిన సంగతి చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా బల్ల సర్దుకుని ఆస్పత్రికి బయలుదేరింది.

మంచం మీద పిన్ని సగమైపోయి ఉంది. కుడికాలికి కట్టు.

"నీకెవరు చెప్పారే?"

"నర్సమ్మ."

పిచ్చుక మంచం పక్కన నిలబడే అంతా చెప్పింది. కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసేటప్పటిలా పిన్ని కళ్ళు చిట్లించి వింది.

"అంటే ఆ వివరాలు నీ దగ్గరికే వచ్చాయన్నమాట."

"ఊఁ."

"నా పేరు చూశావు."

"చూశాను పిన్నీ."

పిన్ని కిటికీ వైపు తిరిగింది. "వాళ్ళు అడిగారులే, ఎవరున్నారని. ఎవరూ లేరన్నాను. నీ పేరు చెప్తే ఫోన్లు చేసి నిన్ను విసిగిస్తారని."

తిట్టినా బాగుండేదనిపించింది పిచ్చుకకు.

"కోపంగా లేదా?"

"ఉంది. ఇప్పుడు కాలు నొప్పి ముందుంది. అది తగ్గాక కోప్పడతాలే."

ఇంటికి రమ్మంటే పిన్ని రానంది. తలుపుకి తాళం చూస్తే బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు వెనక్కి పోతారంది. ఆఫీసు నుంచి పిచ్చుకే రోజూ సాయంత్రం మెట్ల కింద గదికి వెళ్ళి కట్టు మార్చడం మొదలుపెట్టింది. పిన్ని కాలు చాపేది. కూర్చోమనేది కాదు.

ఒక సాయంత్రం పిన్ని మిషను ముందు కూర్చుని తొక్కబోయింది. రెండు వేళ్ళు పోయిన పాదం పెడల్ మీద నిలవక జారింది. రెండోసారీ జారింది.

"ఆ ఒక్క గీతా గీసుంటే నీ సొమ్మేం పోయేదే?" అంది, తల ఎత్తకుండా.

"ఏమీ పోయేది కాదు పిన్నీ."

పిన్ని పెడల్ మీంచి కాలు తీసేసింది. ఆపైన సగం కుట్టిన చొక్కా ఒకటి పిచ్చుక చేతుల్లోకి విసిరింది.

"కాజాలు కుట్టు. వంకరపోతే విప్పిస్తా."

మొదటి కాజా వంకరే పోయింది. పిన్ని దాన్ని దీపం దగ్గర పట్టి చూసి, విప్పేసి, చొక్కాను మళ్ళీ ఆమె చేతికే ఇచ్చింది.