కాఫీకి అరువిచ్చిన గొంతు

ఆ గొంతు తెలియనివాళ్లు ఊళ్లో లేరు. మనిషిని మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పేది ఆమే. బ్యాంకుకు ఫోన్ చేస్తే కాసేపు వేచి ఉండమనేదీ ఆమే. ఇంట్లోవాళ్లకు చిలకమ్మ. చిన్నప్పటి నుంచీ ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టిందని అక్క విసుక్కునేది. మైకు ముందు నిలబడితే మాత్రం కనురెప్ప కూడా కదిలేది కాదు.

వానలు మొదలైన రోజుల్లో రేడియోకని ఒక పుట్టగొడుగుల కాఫీ ప్రకటన చదివే పని వచ్చింది. చప్పుడవుతుందని ఫ్యాన్ ఆపేసిన ఇరుకు గదిలో, చెమటలు కారుతుండగా చదివింది: "రోజుకో కప్పు. హాయిగా నిద్ర, చురుకైన బుర్ర. రక్తపోటు దానంతటదే దారికొస్తుంది."

"ఇంకొంచెం ప్రేమగా చదవమ్మా, సొంతమనిషికి చెప్తున్నట్టు" అన్నాడు అద్దం అవతల నుంచి స్టూడియో యజమాని.

అక్కను తలుచుకుని చదివింది. మరోసారి చదవాల్సిన అవసరం రాలేదు.

కొన్నాళ్లకు బావ ఫోన్ చేశాడు. అక్క కళ్లు తిరిగి మెట్ల మీద పడిపోయిందట. చిలకమ్మ ఉన్నపళంగా పరుగెత్తింది. వెళ్లేసరికి అక్క నుదుటికి కట్టుతో మంచం మీద ఉంది. మాత్రలు మానేయడంతో బీపీ ఆకాశానికంటిందని డాక్టరు చెప్పిందట.

"మాత్రలెందుకు మానేశావక్కా?"

"నువ్వేగా చెప్పావు, దానంతటదే దారికొస్తుందని."

"అవి నా మాటలు కాదు. వాళ్లు రాసిచ్చారు, నేను చదివాను."

"ఏమోనే. నాకైతే నువ్వు నాతోనే చెప్తున్నట్టు వినపడింది."

చిలకమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. గట్టు మీద ఆ కాఫీ డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒకటి తీసి చూసి పెట్టేసింది. బట్టలు మడతపెట్టబోయి సగంలో వదిలేసింది. వరండాలోకి పోయింది, మళ్లీ వచ్చింది.

"కాస్త కూర్చోమ్మా, నాకూ కళ్లు తిరిగేలా ఉన్నాయి" అన్నాడు బావ.

సాయంత్రం డాక్టరు దగ్గరికి తనే వెళ్లింది. "అసలు అందులో ఏమీ లేదా అండీ?"

"మామూలు కాఫీ కంటే కెఫీన్ తక్కువుంటుంది కాబట్టి నిద్ర కాస్త పట్టొచ్చు. మిగతావేవీ మనుషుల మీద చేసిన పరీక్షల్లో గట్టిగా తేలలేదు. మాత్రకు బదులు మాత్రం కానే కాదు" అంది డాక్టరు.

తెల్లవారగానే స్టూడియో తలుపు తట్టింది. బీపీ మాట తీసేయమంది. యజమాని తల గోక్కుని కంపెనీవాళ్లకు ఫోన్ కలిపిచ్చాడు.

"చదవడం మీ పని, అమ్మడం మా పని" అన్నాడు అవతలాయన.

"నా నోటితో అమ్మారుగా! మా అక్క తల పగిలింది."

ఫోన్ పెట్టేశాడు. చిలకమ్మ ఊరుకోలేదు. రోజూ చేసింది. ఎత్తకపోతే స్టూడియో నంబరు నుంచి చేసింది. కంపెనీ గుమ్మంలో కూర్చోమంటే కూర్చోలేక ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగింది. ఆమె పోరు పడలేకో, ఇది నలుగురి నోళ్లలో పడుతుందన్న భయంతోనో, ఆ ప్రకటన ఆపేశారు. కొత్తది వేరే అమ్మాయితో చదివించారు. అందులో బీపీ ఊసు లేదు. "ఒంటికి మంచిది" అని మాత్రం ఉంది.

అక్క మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది. డాక్టరు సరేనన్నాక ఆ కాఫీ కూడా తాగుతోంది, నిద్ర బాగా పడుతోందని. వద్దనడానికి చిలకమ్మకు నోరు రాదు. పొద్దున్నే ఫోన్ చేసి మాత్ర వేసుకునేదాకా లైన్లోనే ఉంటుంది.

మైకు ముందు ఆ పాత నిలకడ మాత్రం పోయింది. మొన్న జుట్టునూనె ప్రకటన చేతికిస్తే, చదవకుండా కాగితం అటూ ఇటూ తిప్పింది.

"మళ్లీ ఏమైందమ్మా?" అన్నాడు యజమాని.

"దీన్ని ఎవరైనా రాసుకుని చూశారా?"

ఆయన తన బట్టతల తడుముకుని, రికార్డింగుకని ఆపిన ఫ్యాన్ మళ్లీ వేశాడు.